మూడు ఎరుపులు, రెండు నీలాలు

దొంగల భయానికి మందు కనిపెట్టి, ఆ మందు అమ్ముకుంటూనే దొంగతనాలు చేస్తున్న ఘనుడు మన టీవీ మెకానిక్.

ఆ మందు చూడ్డానికి టిఫిన్ డబ్బా అంత పెట్టె. లోపల పన్నెండు రంగురంగుల ఎల్ఈడీ బల్బులు, వాటిని ఆడించడానికి గోరంత చిప్పు, ముందువైపు పల్చటి తెల్లకాగితం. కర్టెన్ వెనక పెట్టి స్విచ్ వేస్తే, వీధిలోంచి చూసేవాడికి లోపల ఎవరో టీవీ చూస్తున్నట్టే ఉంటుంది. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు ఎగబడి కొన్నారు.

"మీరు వెళ్ళే తేదీ, తిరిగొచ్చే తేదీ చెప్పండి. టైమర్ పెట్టాలి," అనేవాడు మెకానిక్.

వాళ్ళు అడ్రసుతో సహా చెప్పేవాళ్ళు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

చివరి నిమిషంలో ప్రయాణం మానుకుని, ఇంట్లో కూర్చుని నిజం టీవీ చూసే మహానుభావులూ ఉంటారు కదా. అందుకని పెట్టెలో ఒక కిటుకు పెట్టాడు. నిమిషానికోసారి మూడుసార్లు ఎరుపు, వెంటనే రెండుసార్లు నీలం. వీధి చివర నిలబడి లెక్కపెట్టుకునేవాడు. ఆ వరస కనబడిందంటే ఆ ఇంట్లో మనిషి లేనట్టే. అయినా పది పెట్టెలు అమ్మితే ఒక్క ఇంటికే వెళ్ళేవాడు. ఆశ ఉండొచ్చు గానీ అత్యాశ పనికిరాదని అతని సిద్ధాంతం.

పెట్టెలు తయారుచేసేది మాత్రం అతని భార్య. ఇంట్లో కూర్చుని సోల్డరింగ్ చేసేది. మొగుడివి కోడిగీతలు గనుక, గ్యారంటీ కార్డు మీద అడ్రసూ తేదీలూ కూడా తనే ముత్యాల్లా రాసేది.

"ఊరందరి టీవీలూ బాగుచేస్తారు. మన టీవీ చచ్చి మూడేళ్ళయిందండీ," అంది ఆ మధ్యాహ్నం, మూలనున్న పాత డబ్బా టీవీని చూస్తూ.

"పార్టు దొరకట్లేదే."

"వెనక నాలుగు స్క్రూలే కదా. నేను విప్పి చూడనా?"

"దాని జోలికి పోకు, షాక్ కొడుతుంది. సోల్డరింగ్ వస్తే మెకానిక్ అయిపోయినట్టు కాదు."

"సరేలెండి," అని ఆవిడ తల వంచుకుని కార్డు రాసుకుంది.

ఆ టీవీ కడుపులోనే ఉంది మూడేళ్ళ కష్టార్జితం. ఎవరెవరి గొలుసులో, గాజులో, ఉంగరాలో. ఇంకొక్క ఇల్లు చూసుకుంటే చాలు, మెయిన్ రోడ్డు మీద సొంత షోరూమ్.

ఆ ఒక్క ఇల్లూ సాయంత్రం ఏడింటికల్లా అయిపోయింది. బ్యాంకు క్యాషియర్ ఇంటి కిటికీలో వరస లెక్కపెట్టుకుని, పెరటి తలుపు తీసి, రెండు గొలుసులు టూల్ బ్యాగులో వేసుకుని, ఈల వేసుకుంటూ ఇంటిదారి పట్టాడు.

సందు మలుపు తిరగగానే ఈల ఆగిపోయింది. తన ఇంటి కిటికీలో టీవీ వెలుగు.

చచ్చిన టీవీ ఎలా లేచింది? వేరే మెకానిక్‌ను పిలిచిందా? వాడు వెనక మూత విప్పేశాడా? కరెంటు స్తంభం పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

ఎరుపు, ఎరుపు, ఎరుపు. నీలం, నీలం.

పోయిన ప్రాణం లేచొచ్చింది. అది తన పెట్టే. టీవీ లేదన్న దిగులుకొద్దీ పిచ్చిది ఆ పెట్టెనే పెట్టుకుని చూస్తోందన్నమాట. మెకానిక్‌కు నవ్వొచ్చింది, ఆ వెనకే జాలీ వేసింది. వచ్చే వారమే దీనికో కొత్త టీవీ కొనివ్వాలి అనుకుంటూ గుమ్మం మెట్లెక్కాడు.

రెండో మెట్టు మీద అతని నవ్వు ఆగిపోయింది. ఆ వరస ఎలాంటి ఇళ్ళలో కనబడుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల టీవీ గోడవైపు తిరిగి ఉంది. దాని కడుపు, కడిగిన పళ్ళెంలా ఖాళీ. పైన నాలుగు స్క్రూలు ఒక వరసలో పేర్చి ఉన్నాయి.

పెట్టె కింద గ్యారంటీ కార్డు, ముత్యాల్లాంటి అక్షరాలు. అడ్రసు తమదే. వెళ్ళే తేదీ ఎదురుగా, ఆ రోజు తేదీ.

తిరిగొచ్చే తేదీ ఎదురుగా, అడ్డగీత.