ఆరో భాగానికి పదకొండు గీతలు

"అందరి లెక్కా కలిపితే ఆరో భాగమే అడుగున పడింది. ఒక్క జయమ్మగారు మాత్రం దాన్ని మొదట పెట్టారు," అన్నాడు సాయిచంద్, కాగితాలు తిరగేస్తూ.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. జయమ్మ తల దించుకుంది.

కొండాపూర్‌లోని ఆ ఆఫీసులో ఏడుగురు మూడు రోజులుగా ఒకటే పని చేస్తున్నారు. ఇరవై ఏళ్ల కిందట టీవీలో వచ్చిన 'ధ్రువనౌక' అనే అంతరిక్ష సీరియల్‌ను మళ్ళీ తీశారు. మొత్తం ఎనిమిది భాగాలు. ఇంకా బయటికి రాలేదు. అన్నీ చూసి, బాగున్నదానికి ఒకటి, బాగా లేనిదానికి ఎనిమిది, ఆ వరుసన అంకెలు వేయాలి. అడుగున పడ్డ భాగాన్ని తీసేసి మిగతా ఏడే జనానికి చూపిస్తారు.

జయమ్మ పక్క భవనంలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. చూసేవాళ్ళలో మామూలు మనిషి ఒకరుండాలని అనుకుంటున్నారట. ఆ మాట చెవిన పడ్డాక పది రోజులు, ఈ పని నడిపిస్తున్న సాయిచంద్ వెంటపడి పేరు రాయించుకుంది. ఫారం తనే నింపింది. రెండేళ్ల కిందట బస్తీలో సాయంత్రం బడికి పోయి నేర్చుకున్న అక్షరాలు అవి. పేరు, ఉండే చోటు, భర్త పేరు ముందు కీ.శే. 'మీ ఇంట్లో ఎవరైనా ఈ సీరియల్‌కు పనిచేస్తున్నారా? చేస్తుంటే మీరు అనర్హులు' అన్న పొడుగు ప్రశ్నను రెండుసార్లు చదువుకుని 'లేరు' అని రాసింది.

మూడు రోజులూ ముందు వరుసలోనే కూర్చుంది. ఒళ్ళో నోటుపుస్తకం. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి ఒక గీత గీసేది. మొదటి భాగానికి ఒక్కటీ లేదు. రెండోదానికి మూడు. ఆరోదానికి పదకొండు.

"ఏందమ్మా గీతలు, మార్కులా?" అన్నాడు పక్కనున్న ఆకాష్. అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"ఔ బిడ్డా, మార్కులే."

భాగం అయిపోగానే అందరూ టీకి లేచేవారు. చివర్లో పైకి పాకే పేర్లన్నీ అయ్యేదాకా ఆమె కదిలేది కాదు.

"అయిపోయిందమ్మా, లేవండి."

"జర ఆగు సారూ, పేర్లు చదువుతున్న. మస్తు ఉరుకుతున్నయ్."

చదువు కొత్త కదా అని సాయిచంద్ ముచ్చటపడ్డాడు.

ఇప్పుడు ముచ్చటపడే సమయం లేదు. చివరి చర్చ ఇది.

"నాకైతే నిద్రొచ్చిందండీ," అంది సినిమా సమీక్షలు రాసే జ్యోత్స్న. "యుద్ధం లేదు, పరుగు లేదు. భూమ్మీద నుంచి ఒకావిడ నౌకలో ఉన్న కూతురికి పచ్చడి జాడీల పెట్టె పంపుతుంది. ఒక మరమనిషి దాన్ని మోసుకొస్తాడు. అంతేగా కథ!"

"ఆ మరమనిషి పెద్ద కామెడీ మేడమ్," అన్నాడు ఆకాష్. "ఎడమ కాలు ఈడ్చుకుంట నడుస్తడు. పెట్టె ఇచ్చే ముందు చెయ్యి తొడకు తుడుచుకుంటడు. ఇనుప చెయ్యికి చెమటేంది?"

గది ఘొల్లుమంది.

"అంత బరువు మోస్తే ఎవలికైనా కాలు గుంజదా బిడ్డా?" అంది జయమ్మ.

"మిషన్‌కు బరువేందమ్మా!"

ఇంకా నవ్వారు. సాయిచంద్ ఆమెను ఆదుకోబోయాడు. "తల్లీకూతుళ్ళ మమకారం మీకు బాగా నచ్చినట్టుంది."

జయమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. "ఔ సారూ, గదే. గా భాగం తీయకుండ్రి. మీకు పుణ్యముంటది."

"నా చేతిలో ఏముందమ్మా? ఏడో భాగం కన్నా రెండే రెండు అంకెలు వెనకబడింది. అంకెలు ఎట్లా చెబితే అట్లా."

ఆమె లేచి జ్యోత్స్న దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, నువ్వు ఎనిమిది ఏసినవు. ఏడోదానికి ఏడు ఏసినవు. గవి రెండు అటిటు మార్చు తల్లీ."

జ్యోత్స్న ఆమె ముఖం చూసింది. ఏమనుకుందో, కాగితం తీసుకుని అంకెలు కొట్టేసి మార్చింది. రెండు భాగాలూ సమానమయ్యాయి. జయమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

సాయిచంద్ బయటికి వెళ్ళి పైవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు.

"సమానమైతే పొడుగున్నది తీసేయమన్నారు. ఆరోది నాలుగు నిమిషాలు పొడుగు."

కుర్చీలు జరిగిన చప్పుడు. అందరూ సంచులు సర్దుకుంటున్నారు.

"తీసినంక గది యాడుంటది సారూ?"

"ఎక్కడా ఉండదమ్మా. ఈ సాయంత్రమే చెరిపేస్తారు."

"ఒక్కపాలి ఏస్తవా? గా పెట్టె మోసుకొచ్చేది. ఒక్కటే."

"హాలు ఖాళీ చేయాలి. వేరేవాళ్ళు వస్తున్నారు."

తెర అప్పటికే తెల్లగా వెలుగుతోంది, ఏ బొమ్మా లేకుండా. జయమ్మ దాన్నే చూస్తూ కాసేపు నిలబడింది. వాచ్‌మన్ వచ్చి తలుపు పట్టుకుని నిలబడేసరికి నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర మూడు రోజులూ అప్పగిస్తూ వచ్చిన ఫోన్ తిరిగి తీసుకుంది.

లింగంపల్లిలో షేర్ ఆటో దిగి, సందులో నడిచి, కిరాయి గది తలుపు తట్టేసరికి కూతురు మమత ఎదురొచ్చి, అమ్మ చెప్పులు విడవకముందే అడిగింది: "ఏమన్నరమ్మా, గా మరమనిషి ముసుగుల నాయిన నడిచేది ఉంచుతరంటనా?"