అవ్వ బాగానే ఉంది

"ఎప్పుడొస్తావ్ అక్కా?"

ఫోన్లో మనిషి మళ్ళీ ఏకవచనంలోనే పలకరించాడు. టికెట్లమ్మకు ఒళ్ళు మండింది.

గొంతును బట్టి చూస్తే తనకంటే బాగా పెద్దవాడు. అయినా అక్కా అంటాడు, నువ్వు అంటాడు. పరదేశం మనిషి, వయసులో ఉన్నప్పుడు ఓడల మీద తెలుగువాళ్ళతో పనిచేస్తూ ఈ భాష పట్టుకున్నాడట. ఓడలవాళ్ళ దగ్గర నేర్చుకున్న భాషలో మీరూ గారూ ఎక్కడినుంచి వస్తాయి?

సందు చివర, జిరాక్స్ కొట్టు మేడమీద ఆమె టూర్ల ఆఫీసు. చుట్టుపక్కల అందరూ ఆమెను టికెట్లమ్మ అనే పిలుస్తారు.

ఈసారి తీసుకెళ్ళాల్సింది పటం మీద వేలు పెడితే ఆ వేలి కిందే మాయమైపోయే దేశానికి. అడిగినవాడు సొంత పెదనాన్న.

ఆయన రిటైరైన సంగీతం మాస్టారు. ఆ దేశంలో, కొండమీది ఊళ్ళో ఒక అవ్వ పాడే పాట గురించి ఎక్కడో చదివాడు. దాన్ని రికార్డు చేయనివ్వరట, వెళ్ళి ఎదురుగా కూర్చుని వినాల్సిందే. అప్పటినుంచి ఆయనకు అదే ధ్యాస.

ఎందుకంటే ఆయన చెవులు నెమ్మదిగా మూతపడుతున్నాయి. డాక్టరు ఆశ పెట్టుకోవద్దని చెప్పేశాడు.

"వినపడటం మానేసేలోపు ఆ ఒక్క పాటా వినిపించమ్మాయ్. ఇంకేం అడగను."

ఆయనతోపాటు పాత శిష్యులు అరడజనుమంది బయల్దేరతామన్నారు. కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ఒకావిడకు గదిలోనే బాత్రూం ఉండాలి. ఒకాయనకు బస్సులో ముందు సీటు లేకపోతే కడుపులో తిప్పుతుంది. స్నేహితురాళ్ళిద్దరూ ఒకే గది కావాలంటే, భార్యాభర్తలు వేరువేరు గదులు అడిగారు. ఒకరికి సెలవు కుదిరితే మరొకరికి కుదరదు.

తేదీ ఒకసారి మారింది. ఇంకోసారి మారింది.

మారినప్పుడల్లా ఆమె కొండమీది ఊరికి ఫోన్ చేసేది. అక్కడ గదులూ పాటా ఏర్పాటు చేస్తున్న ఆ ఫోన్ మనిషి సరే అక్కా అనేవాడు. కాసేపు దగ్గేవాడు. తర్వాత, ఇంకాస్త ముందు రావడం కుదరదా అని మెల్లగా అడిగేవాడు. మధ్యమధ్యలో తనే ఫోన్ చేసి కూడా అదే అడిగేవాడు.

బేరం చేజారిపోతుందని బ్రోకరుకు భయం పట్టుకుంది, అనుకుంది టికెట్లమ్మ. ఈ వృత్తిలో అలాంటి తొందరలు ఆమె చాలా చూసింది.

అయినా అనుమానం తీరక ఒకరోజు సూటిగానే అడిగింది. "ఆవిడకేమన్నా ఒంట్లో బాగోలేదా?"

"అవ్వ బాగానే ఉంది. గొంతు గంటలా ఉంది."

"మరింకేం? నిదానంగానే వస్తాం."

"అది కాదక్కా. నేను..."

"మీ కమిషన్ సంగతి అక్కడికొచ్చాక మాట్లాడుకుందాం" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

తర్వాత అతను మళ్ళీ ఫోన్ చేయలేదు. పీడా వదిలిందనుకుంది.

బాత్రూం ఉన్న గది దొరికింది. ముందు సీటు దొరికింది. అందరికీ సెలవులు కుదిరేసరికి పెదనాన్నతో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వస్తోంది.

బయల్దేరే ముందు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎత్తింది. "నాన్న లేడు. నువ్వు రా. గదులన్నీ సిద్ధంగా ఉన్నాయి" అంది.

బయటికెళ్ళాడేమో అనుకుంది టికెట్లమ్మ.

బస్సు దిగాకగానీ ఆ లేడు అన్న మాటకు అర్థం తెలియలేదు. ఎదురొచ్చిన ఆ అమ్మాయే చెప్పింది, ఊపిరితిత్తుల జబ్బట. చాలాకాలంగా ఉందట. ఆఖరి రోజుల్లో కూడా గదుల గురించే చెబుతూ పోయాడట.

టికెట్లమ్మ ఆ పిల్ల చేతులు పట్టుకుంది. పోనీ, పెదనాన్న వచ్చిన పనైనా అవుతుంది కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

రాతిగోడల గది. మధ్యలో చాప. అవ్వ చాపకు ఒక కొసన కూర్చుంది. నిజంగానే బాగానే ఉంది, నిటారుగా ఉంది. పెదనాన్న దాదాపు ఆమె మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా జరిగి, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

అవ్వ ఎత్తుకుంది. గోడలు మోగాయి. పెదనాన్న మొహం వెలిగిపోయింది.

ఒక చరణం పాడి అవ్వ ఆగింది. తల పక్కకు తిప్పి, చాప రెండో కొసవైపు చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి ఇంకో చరణం పాడింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ అటే చూసింది.

పెదనాన్న మొహంలో రంగు మారింది. టికెట్లమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఒకటి వినపడుతోంది. దాని తర్వాతది వినపడటం లేదు. నా చెవులు పోయినట్టేనా?"

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. "లేదు పెదనాన్నా. అక్కడ ఎవరూ పాడటం లేదు."

మూడో చరణం అవ్వ గొంతు దాటలేదు. ఆమె లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. శిష్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెదనాన్న మాత్రం చెవి వెనక చెయ్యి తియ్యలేదు.

ఏమైందని టికెట్లమ్మ ఆ అమ్మాయిని అడిగింది.

నాన్న నేర్పిన మాటలన్నీ కూడదీసుకుని ఆ పిల్ల చెప్పింది. "ఇది ఇద్దరి పాట అక్కా. అవ్వ అడుగుతుంది, రెండో మనిషి జవాబు పాడాలి. వద్దన్నా వినలేదు, వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపనని కూర్చుంది."

"ఆ రెండో మనిషిని పిలవచ్చుగా. రేపైనా వింటాం. ఎన్నాళ్ళైనా ఉంటాం."

ఆ పిల్ల చాప చుట్టడానికి వంగింది.

"ఆ జవాబు తెలిసినవాడు మా నాన్న ఒక్కడే."