స్టూలు ఎత్తు

"లే! పదహారేళ్లుగా అది నా మిషను!" సెలవు రోజున వచ్చి మరీ అరిచాడు ముసలి టైలరు.

"సోమ, మంగళ, బుధ మీది. ఇవాళ గురువారం బాబాయ్," అంది కొత్తమ్మాయి కుడుతూనే.

ఆర్డర్లు పడిపోయాక కంపెనీ ఒక్కో మిషన్ని ఇద్దరికి పంచింది.

"నా వారంలో సగం మింగావు, అరుగుతుందా నీకు? పైగా నా స్టూలు దించేశావు!"

"నా కాళ్లు అందవు మరి. ఏడాది పని లేక కూర్చుంటే వచ్చాయి ఈ మూడు రోజులు. శనివారం వెళ్లేముందు మీ ఎత్తుకి ఎక్కించే పోతున్నాను. ఏ సోమవారమైనా కిందికుందా?"

లేదు. అతనికి ఆ సంగతి ఇప్పుడే తట్టింది. విసవిసా వెళ్లిపోయాడు.

మరుసటి బుధవారం సాయంత్రం బెల్లు కొట్టినా కోపం చల్లారలేదు. కంపెనీని తిట్టుకుంటూనే మోకాళ్ల మీద కూర్చుని, స్టూలు మరను నాలుగు చుట్లు కిందికి తిప్పాడు.