చూపించని చెయ్యి

దిగుడు మలుపులో ఉంగ వెనకనుంచి దూసుకొచ్చి రేణుక సైకిల్ హ్యాండిల్ పట్టి తన వైపు గుంజాడు.

ఎడమ అంచునుంచి రీనాను దాటేయబోతున్న రేణుక రోడ్డుకు అడ్డంగా తూలి, కొంతదూరం పోయి, కాలు నేలకు తన్ని ఎలాగో ఆగింది. మిగతావాళ్లు చూస్తుండగానే చెట్ల వెనక మాయమయ్యారు.

“ఏందిది? నిన్ను ఎవరు పట్టుమన్నరు?” అంది.

అతను వెనక్కి చెయ్యి చూపిస్తూ ఏదో చెప్పబోయాడు. రేణుకకు వినే ఓపిక లేదు. పెడల్ తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

అది భోపాల్‌పట్నం సైకిల్ క్లబ్బు వారం యాత్రలో మొదటి రోజు. దోర్నపాల్ దాకా వెళ్లి, అదే దారిన ఏడో రోజుకు తిరిగి రావాలి. ఏ రోజు మజిలీకి ఎవరు ముందు చేరితే ఆ రోజు వాళ్లది. అలా ఎక్కువ రోజులు గెలిచిన అమ్మాయిని రాయపూర్ పోటీకి పంపుతానని కెప్టెన్ బాబూరావు సార్ చెప్పాడు. వచ్చే ఏటికి రేణుకకు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం.

ఆ రోజు రీనా గెలిచింది.

ఉంగ గంట ఆలస్యంగా వచ్చాడు. ఆవపల్లి వైపు మనిషి, నలభై దాటినవాడు, పాత నల్ల సైకిల్. ఎందుకు చేరాడో ఎవరికీ తెలీదు. పొద్దున మెడలో ఉన్న ఎర్ర తువ్వాలు కూడా ఎక్కడో పారేసుకుని వచ్చాడని అందరూ నవ్వారు. రేణుక నవ్వలేదు. కోపమొస్తే ఆమెకు అన్నం సహించదు. ఆ పూట మాత్రం రెండుసార్లు వడ్డించుకుంది. పగ తీర్చుకోవాలంటే బలం కావాలి కదా.

సాయంత్రం ఉంగ మళ్లీ ఏదో చెప్పాలని దగ్గరికి వచ్చాడు. ఆమె లేచి రీనా పక్కకు వెళ్లి కూర్చుంది.

రెండో రోజు అతని చైన్ ఊడితే అతన్ని వదిలి అందరికంటే ముందు వెళ్లిపోయింది రేణుకే. మూడో రోజు అతని వంతు మజ్జిగ కూడా తాగేసింది. ఇవేవీ ఆమెకు సరిపోలేదు. పోయింది మజ్జిగ కాదు, రాయపూర్.

ఐదో రోజుకు పగ తీరే దారి దొరికింది.

లైనులో పోయేటప్పుడు వెనకవాడికి ముందువాడి వీపు తప్ప రోడ్డు కనిపించదు. అందుకే గుంత వస్తే ముందువాడు నడుము పక్కకు చెయ్యి దించి వేలితో చూపిస్తాడు. అది చూసి వెనకవాడు తన వెనకవాడికి చూపిస్తాడు. క్లబ్బులో చేరినరోజు నేర్పే మొదటి పాఠం అదే.

ఆరో రోజు రేణుక కావాలనే లైనులో ఉంగకు ముందు చేరింది.

బీజాపూర్ ఇంకా పది కిలోమీటర్లుందనగా ముందున్న రీనా చెయ్యి దిగింది. గుంత. రేణుక ఒడుపుగా తప్పుకుంది. ఆమె చెయ్యి మాత్రం హ్యాండిల్ మీదే ఉండిపోయింది.

వెనక ఇనుము విరిగినట్టు చప్పుడైంది.

కింద పడ్డ ఉంగ మొదట చేసిన పని, బాగున్న చెయ్యెత్తి వెనక వస్తున్నవాళ్లకు గుంత చూపించడం.

కుడి భుజం ఎముక విరిగింది. రేణుకకు లోపల హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

గుంత చూపించలేదా అని బాబూరావు సార్ ఆమెను గట్టిగా అడిగాడు.

“చూపిన సార్. ఆయన చూస్కోలే.”

ఉంగ ఆమె వైపు ఒకసారి చూశాడు.

“చూపింది సార్. నేనే చూస్కోలే” అన్నాడు.

అతన్ని పికప్ బండిలో ఆసుపత్రికి పంపించారు. తనను వెనకేసుకు రావడం కూడా రేణుకకు ఒళ్లు మండించింది. ఆ కసితోనే తొక్కి ఆ రోజు తనదే చేసుకుంది. చెరి మూడు రోజులు. మిగిలింది ఏడోది.

ఏడో రోజు రేణుక ముందు, రీనా వెనక. ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు. మొదటి రోజు దిగిన దిగుడు ఇప్పుడు ఎక్కుడు. ఎంత తొక్కినా సైకిల్ నడకలాగే పోతోంది. అలా పోతుంటే రోడ్డు అవతలి అంచున ఏదో ఎర్రగా కనిపించింది.

కల్వర్టు అంచు విరిగి మనిషి పట్టేంత గుంత. అడుగున రాళ్లు. దిగేటప్పుడు మలుపు, చెట్ల నీడ, ఏమీ కనిపించదు. గుంత ముందు రాళ్లు పేర్చి, ఒక కొమ్మ పాతి ఉంది. కొమ్మకు ఎర్ర తువ్వాలు కట్టి ఉంది.

ఆమె దాటబోయిన అంచు అదే.

రేణుక సైకిల్ దిగింది. రీనా పక్కనుంచి దాటిపోయింది. రేణుక తలెత్తలేదు.

పక్కన ఇప్పపూలు ఏరుకుంటున్న ముసలామె, సోమమ్మ, బుట్ట పట్టుకుని దగ్గరికి వచ్చింది.

“ఉంగ మీతోటే పోయిండు గద బిడ్డా, ఏడి?”

ఈ తువ్వాలు కట్టింది అతనేనా అని రేణుక తిరిగి అడిగింది.

“ఆయనే. గిది మూడోది. కట్టినప్పుడల్లా ఎవరో ఒకరు ఇప్పుకొని పోతరు. మళ్ల అచ్చి కడ్తడు.”

“ఆయనది ఈడ కాదు గదా. ఎందుకు కడ్తడు?”

సోమమ్మ బుట్ట కింద పెట్టింది.

“దసరా ముంగట బడిలో ఇచ్చిన సైకిల్ మీద హాస్టల్‌కు పోతా, గీ గుంతలనే పడి సచ్చిపోయిన పిల్ల ఆయన బిడ్డనే గద.”