నొక్కని లింకు

మెయిలు చదవగానే రేఖ లెక్కల పుస్తకం పక్కకు నెట్టేసింది.

“మీ ఏడాది ఇంటర్నెట్ బిల్లు సిద్ధంగా ఉంది. ఈ సాయంత్రం మీ బ్యాంకు ఖాతా నుంచి మొత్తం తీసుకుంటాం. వద్దనుకుంటే వెంటనే లింకు నొక్కి, కార్డు వివరాలు ఇవ్వండి.”

ఇంగ్లీషులో ఉంది కదా, తనకే సరిగా అర్థం కాలేదేమో అని మళ్ళీ చదివింది. అదే అర్థం వచ్చింది. ఆమె మదనపల్లె టమోటా మండీలో లెక్కలు చూస్తుంది. మండీకి నెట్ వచ్చిందే ఆ ఏడు, రెండువేల ఏడులో. పుంగనూరులో ఆమె ఇంట్లో కంప్యూటరే లేదు, ఇక నెట్ బిల్లు ఎక్కడిది?

అయినా భయం వేసింది. బిల్లు ఎవరిదైనా ఖాతా మాత్రం ఆమెదే. అందులో ఉన్నది మొగుడు మునిరత్నం గుండె ఆపరేషన్ డబ్బు. పాడి ఆవుల్ని అమ్మి, ఖాతాలో వేసిన డబ్బు. సోమవారం వేలూరు ఆసుపత్రిలో కట్టాలి. కట్టకపోతే మళ్ళీ తేదీ ఎప్పుడిస్తారో, అంతవరకు ఆ గుండె ఓర్చుకుంటుందో లేదో.

మౌస్ మీద వేలు పెట్టింది. నొక్కబోయి ఆగింది. ఏటీఎం కార్డు చేతికిచ్చిన రోజు బ్యాంకు మేనేజరు చెప్పిన మాట గుర్తొచ్చింది. మెయిల్లో వచ్చే లింకులు నొక్కొద్దన్నాడు. రేఖ అంత తెలివితక్కువది కాదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

కంపెనీ వాళ్ళనే అడిగితే పోలా అనుకుంది. మండీ ఫోను దగ్గరికి లాక్కుని, ఒక్కో అంకెకూ తలెత్తి చూసుకుంటూ నంబరు నొక్కింది.

“నమస్కారం మేడమ్, చెప్పండి” అని ఓ మగ గొంతు పలికింది.

“నాకేందో బిల్లని మెయిలొచ్చుండాదప్పా. మా ఇంట్లో నెట్టే లేదు. యాల వచ్చిందో తెలీలేదు. లింకు నొక్కమంటాండారు.”

“నొక్కేసినావామ్మా?” ఆ గొంతు టక్కున మన వైపు యాసలోకి దిగింది.

“లేదప్పా, నొక్కలేదు.”

“మంచి పని చేసినావు. అది దొంగ మెయిలు. సూడు, దాంట్లో నీ పేరుండాదా? ఊరికే కస్టమర్ అనే కదా ఉండాది? సాయంత్రమే అని తొందర పెడతాండారు కదా? దొంగోళ్ళ పనంతా ఇంతేమ్మా.”

రేఖ తెర వైపు చూసింది. నిజమే, పేరు లేదు. అయినా ఆమె ఈ సీమ మనిషి. ఊరూ ఇల్లూ కనుక్కోనిదే ఎవర్నీ నమ్మదు.

“మీది యా ఊరప్పా?”

“ముందు మీది సెప్పమ్మా.”

“మా పుట్టిల్లు రామసముద్రం.”

“అట్లనా? మాది కుప్పం. మా పిన్నమ్మను రామసముద్రానికే ఇచ్చుండేది. మునెప్పోళ్ళింటికి.”

మునెప్ప లేని వీధి రామసముద్రంలో లేదు. రేఖకు వెంటనే ఒక మునెప్ప గుర్తొచ్చాడు. ప్రాణం కొంచెం కుదుటపడింది.

“నా డబ్బుకేం కాదు కదప్పా? మా ఇంటాయన ఆపరేషన్‌ది.” అంటూనే ఏడ్చేసింది.

“ఏడవొద్దమ్మా. ఈడనుంచే నీ ఖాతాకు తాళమేస్తా, దొంగోళ్ళు తాకలేరు. కార్డు నంబరు, పిన్ను యెవురికీ సెప్పొద్దు. నాక్కూడా సెప్పొద్దు. నోటితో అనకుండా ఫోన్లో నొక్కు, మిషనే తీసుకుంటాది.”

నాక్కూడా చెప్పొద్దు అన్న మాటతో ఆమెకు మిగిలిన కాస్త అనుమానమూ పోయింది. నొక్కింది. ఫోను పెట్టేసి, దొంగ మెయిలును తుడిచేసి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి మునిరత్నానికి అంతా చెప్పింది. వింటున్నంతసేపూ అతను ఛాతీ మీంచి చెయ్యి తియ్యలేదు. చివరికి గట్టిగా ఊపిరి వదిలాడు.

“కుప్పమాయన దేవుని మాదిరి దొరికినాడు. ఆయప్ప నంబరు నీకు యాడిది?”

“ఆ మెయిల్లోనే అడుగున ఉండె” అంది రేఖ, అతనికి మజ్జిగ కలుపుతూ.