'ట' లేని వార్త

మా పాత జపాన్ స్పోర్ట్స్ కారు కొంటానని వచ్చినాయన్ని నాన్న మళ్లీ తిప్పి పంపేశాడు. తొమ్మిదేళ్లుగా అది షెడ్డులో ఇంజను విప్పేసి ఉంది.

"ఆ మోడల్ మళ్లీ వస్తోందే తల్లీ. దాంతోపాటు స్పేర్ పార్టులూ దొరుకుతాయి."

"వస్తోందట, నాన్నా! అన్నీ కారు పిచ్చోళ్ల ఊహలు. కంపెనీ ఒక్క ముక్క చెప్పలేదు."

నాన్న గ్రీజు చేతులు తుడుచుకుని పత్రిక తెచ్చాడు. నేను నేర్పిన అక్షరాలను వేలుపెట్టి కూడబలుక్కున్నాడు. "వ... స్తోం... ది. 'ట' ఏదీ?"

"అచ్చేసిందల్లా నిజమేనా?" అని అరిచాను.

ఆ వేలు వార్త చివరున్న నా పేరు మీదికి జరిగింది. "పరాయివాళ్లు రాసుంటే నమ్మేవాణ్ణా?"

ఆ వార్తను నేను 'ట'తోనే రాసిచ్చాను. "అదుంటే ఎవరు చదువుతారమ్మా?" అని ఎడిటరు కొట్టేశాడు.

నా పేరు మాత్రం ఉంచాడు.