నేర్పిన పిలుపు

"అమ్మ కాదు, టీచర్. ఏదీ, అను."

అశ్విత మోకాళ్ళ మీద కూర్చుని ఆ మాట చెప్పడం అప్పటికి ఐదోసారి. ఎదురుగా నిలబడ్డ నాలుగేళ్ళ చాందిని రెండు చేతులూ పైకి చాచి, మళ్ళీ అదే మాట అంది.

"అమ్మా, ఎత్తుకో."

పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు గేటు దగ్గర కిసుక్కున నవ్వారు. "పెండ్లి కాకముందే ఈ టీచరు పాపకు బిడ్డొచ్చేసింది" అంది ఒకామె. ఇంకొకామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అశ్విత ముఖం కందిపోయింది. ఆత్మకూరులో డీఎడ్ చదువుతోంది. సెలవులు ఊరికే పోగొట్టుకోకుండా పసిపిల్లలతో మెలగడం నేర్చుకుందామని, ఉదయగిరి పోయే దారిలో ఉన్న ఈ అంగన్‌వాడీకి తనంతట తానే అడిగి వచ్చింది. జీతం లేదు, మూడు వారాల పని. వచ్చిన రెండోరోజు నుంచీ ఈ పిల్లతో ఇదే గోల.

"చూడు చాందినీ, టీచర్ అంటేనే ఎత్తుకుంటాను. అమ్మా అంటే ఎత్తుకోను" అంది గట్టిగా, గేటు దాకా వినపడేట్టు.

పిల్ల చేతులు దించలేదు. కాసేపటికి నొప్పి పుట్టి అవే కిందికి జారాయి. మళ్ళీ ఎత్తింది. అశ్విత చూడనట్టు పక్కకు తిరిగి, మిగతా పిల్లలతో కాకి పాట మొదలుపెట్టింది.

మర్నాడూ అంతే. ఆ మధ్యాహ్నం చాందిని గుడ్డు ముట్టుకోలేదు. గోడవారన కూర్చుని అశ్వితనే చూస్తూ ఉండిపోయింది. అశ్వితకూ అన్నం సయించలేదు.

అంగన్‌వాడీ నడిపే సుకన్య గిన్నెలు సర్దుతూ అంది. "ఎందుకు ఆ బిడ్డను సతాయిస్తావు? పిలిస్తే పిలవనీ. నీదేం పోయింది?"

"అట్లా అలవాటు చెయ్యకూడదక్కా. రేపు నేను బళ్ళో చేరితే నలభైమంది నన్ను పట్టుకుని అమ్మా అంటే? చిన్నప్పుడే సరిచెయ్యాలని మాకు క్లాసులో కూడా చెప్పినారు."

"నలభైమంది సంగతి సరే, ఈ బిడ్డ..." అని సుకన్య ఏదో చెప్పబోయింది. అంతలో లోపల ఎసరు పొంగింది. ఆమె లేచి పోయింది. అశ్విత మళ్ళీ కదిలించలేదు. చెప్పేది ఏదైనా తనను తప్పుపట్టేదేలే అనుకుంది.

ఈ గోల మొదలైన నాలుగోరోజు పొద్దున అవ్వ చెయ్యి వదిలి వచ్చిన చాందిని, అశ్విత ముందు ఆగింది. ఈసారి చేతులు చాచలేదు. ముందు అశ్విత కళ్ళలోకి చూసింది. తర్వాత పెదవులు తడుపుకుని, ఒక్కో అక్షరం జాగ్రత్తగా పలికింది.

"టీ...చర్. ఎత్తుకో."

అశ్విత చప్పట్లు కొట్టింది. పిల్లను అమాంతం ఎత్తి గాల్లో రెండు చుట్లు తిప్పింది. పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించింది. చాందిని కిలకిలా నవ్వింది. ఆ రాత్రి నోట్‌బుక్‌లో అశ్విత ఇట్లా రాసుకుంది: 'ఓపిక పట్టాను. నాలుగు రోజుల్లో మార్పు వచ్చింది.'

ఆపైన ఒక్కరోజు కూడా చాందిని పొరబాటు చెయ్యలేదు. గేటు దగ్గర నవ్వులూ ఆగిపోయాయి.

మూడు వారాలూ అయిపోయాయి. చివరిరోజు సాయంత్రం అశ్విత చాందినిని చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి ఉండగా, ఒక ఆటో వచ్చి ఆగింది. పైన తాడేసి కట్టిన పెద్ద సూట్‌కేసు. ముందు చెంచమ్మవ్వ దిగింది. రోజూ చాందినిని తెచ్చి, తీసుకుపోయేది ఆమే. వెనకాల ఎండిపోయిన పెదాలతో ఒక ముప్పై ఏళ్ళ మనిషి దిగి, అక్కడే నిలబడిపోయింది.

"అనుపమ" అంది సుకన్య గబగబా బయటికి వస్తూ. "మన చాందిని వాళ్ళమ్మ. కువైట్‌లో ఇంటిపనికి పోయి మూడేండ్లయింది. బిడ్డ పాలు మరవకముందే పోయింది. ఇంటి గడప కూడా తొక్కకుండా నేరుగా ఇక్కడికే వచ్చినట్టుండాది."

అశ్విత సుకన్య వైపు తిరిగింది. "నాకు చెప్పలేదేందక్కా?"

"నువ్వు అడిగినావా?"

మూడు వారాల్లో అశ్విత ఆ పిల్లకు రంగులు నేర్పింది, పాటలు నేర్పింది. రోజూ అవ్వే ఎందుకు వస్తోందని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

"దారంతా ఒకటే ఏడుపమ్మా ఇది" అంది అవ్వ. "బిడ్డ నన్ను గుర్తుపడతాదా, అమ్మా అంటాదా అని. దినామూ ఫోన్లో చూస్తా ఉండాది గదా, ఎందుకు గుర్తుపట్టదు అని నేను చెప్తానే ఉండా."

అనుపమ రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులూ చాచింది.

అశ్విత పిల్లను కిందికి దించింది. వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మ వచ్చింది చాందినీ. పో. అమ్మా అను. అను తల్లీ" అంది.

చాందిని ఆ మనిషిని తేరిపార చూసింది. ఫోన్లో చూసే ముఖమే. గుర్తుపట్టింది. పిల్ల ముఖం ఒక్కసారిగా విప్పారింది. పరుగెత్తింది. అవ్వ కళ్ళు తుడుచుకుంది. అశ్విత ఊపిరి పీల్చుకుంది.

తల్లికి ఒక్క అడుగు దూరంలో చాందిని టక్కున ఆగింది. వెనక్కి తిరిగి అశ్వితను చూసింది. ఎక్కడ తప్పు పలుకుతానో అన్నట్టు పెదవులు తడుపుకుని, రెండు చేతులూ తల్లి వైపు చాచింది.

"టీచర్, ఎత్తుకో."